రిలే టైముకూ స్కాడా టైముకూ సరిగ్గా 18 సెకన్ల తేడా. లీప్ సెకండ్ అంటున్నరు, నిజమేనా?

పాలమూరు_సోలార్
ప్లాంట్ కంట్రోల్ రూం మీద జీపీఎస్ క్లాక్ ఉన్నది. దాన్నుంచి ఐరిగ్-బీ (టైము సిగ్నల్) కేబుల్ రిలేలకు (లోపం వస్తే బ్రేకర్‌ను ట్రిప్ చేసే పరికరాలు) పోతది, ఎన్‌టీపీ (నెట్‌వర్క్ మీద టైము పంపే పద్ధతి) తోని స్కాడా (ప్లాంట్‌ను కంప్యూటర్ మీద చూసే సిస్టం) సర్వర్‌కు పోతది. బ్రేకర్ ట్రిప్ అయితే రిలే ఈవెంట్ లాగ్‌ల ఒక టైము, స్కాడా అలారం లిస్టుల ఇంకో టైము. తేడా ఎప్పుడు చూసినా 18 సెకన్లే, పెరగదు తరగదు. రిలేనే ముందుంటది. క్లాక్ అమ్మినోళ్లకు ఫోన్ చేస్తే "లీప్ సెకండ్ ప్రాబ్లం సార్, అప్‌డేట్ వస్తది, ఆగుండ్రి" అని చేతులు దులుపుకున్నరు. ట్రిప్ రిపోర్టు పంపినప్పుడల్లా టైములు కలుస్తలేవని వాపస్ వస్తున్నది. లీప్ సెకండ్ అంటే ఒక్క సెకండే గదా, ఈ 18 ఏంది?

గద్వాల_గడియారం
"రిలే ముందుంటది" అన్నవ్ చూడు, అసలు సంగతి అక్కడనే ఉన్నది. జీపీఎస్ టైము 1980 జనవరి 6న మొదలైంది. అప్పటినుంచి దాన్ల లీప్ సెకండ్లు (భూమి తిరుగుడుతోని టైము కలవాలని అప్పుడప్పుడు కలిపే ఒక్కో సెకండ్) కలపరు, అది సీదా నడుస్తనే ఉంటది. యూటీసీల (ప్రపంచమంత వాడే ప్రామాణిక టైము) మాత్రం ఆనాటి నుంచి ఇప్పటిదాక 18 కలిపిండ్రు. అందుకే జీపీఎస్ 18 సెకన్లు ముందు. నీ క్లాక్ ఎన్‌టీపీల సరైన యూటీసీనే ఇస్తున్నది, ఐరిగ్-బీ అవుట్‌పుట్‌కు మాత్రం ఎవరో టైం స్కేల్ "జీపీఎస్" అని పెట్టి, దానిమీద 5:30 ఆఫ్‌సెట్ కలిపిండ్రు. అవుట్‌పుట్ మెనూల చూడు, జీపీఎస్ తీసి యూటీసీ పెట్టు. అప్‌డేట్ కోసం ఆగేది ఏం లేదు. చివరి లీప్ సెకండ్ 2016 డిసెంబర్ 31న వచ్చింది, మన టైముల 2017 జనవరి 1 పొద్దుగాల 5:29:60. దాని తర్వాత ఒక్కటి రాలే.

మిర్యాలగూడ_కాంటా
18 సెకన్లకే రిపోర్టు వాపసా? మా రైస్ మిల్లుల కాంటా కంప్యూటర్ నాలుగు నిమిషాలు వెనక ఉంటది. గేటు కెమెరాల లారీ బయటకు పోతది, కాంటాల అదే లారీ అప్పుడే లోపలికి వస్తది.

వనపర్తి_వైరు
గద్వాల అన్న చెప్పింది కరెక్ట్. 18 కాకుండ 37 సెకన్ల తేడా కనబడితే అది వేరే జబ్బు, దాన్ని గూడ రాసి పెడుత, ఎవలకన్న పనికొస్తది. పీటీపీ (ఎన్‌టీపీ కన్న ఖచ్చితంగ టైము పంపే పద్ధతి) నడిచేది అణు గడియారాల టీఏఐ టైము మీద. టీఏఐకి యూటీసీకి తేడా 37. (1972ల మొదలుపెట్టినప్పుడే 10 ఉండె, తర్వాత 27 లీప్ సెకండ్లు పడ్డయి.) గ్రాండ్‌మాస్టర్ (పీటీపీల అన్నిటికీ టైమిచ్చే పెద్ద గడియారం) తన అనౌన్స్ మెసేజ్‌ల "ఆఫ్‌సెట్ 37, ఇది నమ్మొచ్చు" అని చెప్పాలె. కొన్ని సస్తా క్లాకులు 37 అని పంపుతయి గాని "నమ్మొచ్చు" అనే ఫ్లాగ్ ఎత్తవు. అప్పుడు కొన్ని రిలేలు ఆ 37ను పక్కకు పడేసి టీఏఐనే చూపిస్తయి. తేడా 18 అయితే జీపీఎస్ స్కేలు, 37 అయితే పీటీపీ ఆఫ్‌సెట్, 19 అయితే రెండు పరికరాలల్ల ఒకటి జీపీఎస్ మీద, ఇంకోటి టీఏఐ మీద ఉన్నట్టు. అంకె చూసి జబ్బు చెప్పొచ్చు.

పాలమూరు_సోలార్
దొరికింది అన్నా. "ఐరిగ్ రిఫరెన్స్: జీపీఎస్" అనే ఉన్నది. యూటీసీ పెట్టంగనే రిలే, స్కాడా కలిసినయి. ఇంకొక్కటి అడుగుత. క్లాక్ పవర్ తీసి పెడితే మొదటి కొద్ది నిమిషాలు 2 సెకన్లు ముందుంటది, తర్వాత దానంతట అదే సర్దుకుంటది. ఇది గూడ సెట్టింగేనా?

గద్వాల_గడియారం
కాదు, అది ఫర్మ్‌వేర్ (చిప్పు లోపలి సాఫ్ట్‌వేర్) వయసు. జీపీఎస్ ఉపగ్రహం పంపే నావిగేషన్ మెసేజ్‌ల లీప్ సెకండ్ల లెక్క ఒక్క చోటనే ఉంటది, నాలుగో సబ్‌ఫ్రేం 18వ పేజీల. మొత్తం మెసేజ్ ఒక చుట్టు తిరిగి రావాలంటే 12.5 నిమిషాలు. ఆ పేజీ అందేదాక రిసీవర్ తన ఫర్మ్‌వేర్‌ల రాసి ఉన్న పాత అంకెనే వాడుకుంటది. నీది 2 సెకన్లు ముందుందంటే లోపల 16 అని ఉన్నట్టు. ఆ 16 నడిచింది 2012 జులై నుంచి 2015 జూన్ దాక. అంటే నీకు అంటగట్టిన చిప్పుల ఫర్మ్‌వేర్ అప్పటిది. కొత్త క్లాక్ అని బిల్లు వేసిండ్రా?

చేయాల్సింది రెండు పనులు. క్లాక్ లోపలి బ్యాటరీ బాగుంటే పాత పేజీ గుర్తుంటది, ముందు అది చెక్ చెయ్. రెండోది, "యూటీసీ లెక్క అందేదాక అవుట్‌పుట్ బంద్" అనే ఆప్షన్ ఉంటే ఆన్ చెయ్. తప్పు టైము ఇచ్చుడు కంటే పావుగంట అసలే ఇయ్యకుండ ఉండుడు నయం.

ఇంకో ముచ్చట. ఆ పేజీల "లీప్ సెకండ్ ఏ వారంల పడ్డది" అనేదానికి 8 బిట్లే, అంటే 256 వారాలకు ఒకసారి అంకె మళ్ల మొదటికి వస్తది. 2016 తర్వాత ఒక్క లీప్ సెకండ్ గూడ రాలే, 256 వారాలు ఎప్పుడో దాటినయి. కోడ్ సరిగ్గ రాయనోళ్ల రిసీవర్లు పాత లీప్ సెకండ్‌నే కొత్తది అనుకునే ఛాన్స్ ఉంటది.

సూర్యాపేట_సర్వర్
లీప్ సెకండ్ వస్తే ఒక బాధ, రాకుంటే ఇంకో బాధ. జీపీఎస్ రిసీవర్‌ను చదివే జీపీఎస్‌డీ సాఫ్ట్‌వేర్ 3.20 నుంచి 3.22 దాక వచ్చిన వెర్షన్లల్ల ఇదే జరిగింది. జీపీఎస్ వారం 2180 దాటేసరికి 19వ లీప్ సెకండ్ వచ్చే ఉంటది, రాలేదంటే వారం అంకె తప్పు అని కోడ్‌ల రాసుకున్నరు. భూమి ఆ మాట వినలే. 2021 అక్టోబర్ 24న ఆ సాఫ్ట్‌వేర్ 1024 వారాలు తీసేసి తేదీని 2002 మార్చికి తోలింది. 3.23ల సరిచేసిండ్రు. పాత రాస్ప్‌బెర్రీ పై మీద ఇంకా పాత వెర్షన్ నడిపేటోళ్లు ఉంటే ఇయ్యాల్నే మార్చుకోండ్రి.

జడ్చర్ల_జావా
ప్రోగ్రామ్ రాసేటోళ్ల దిక్కు నుంచి ఒక డౌట్. 5:29:60 అనే టైము సర్వర్‌ల నిజంగ కనబడ్తదా? నేను చూసిన లైబ్రరీలు అన్నీ 59 దాటితే ఎర్రర్ ఇస్తయి.

నల్లగొండ_కెర్నల్
మామూలుగ కనబడదు. యూనిక్స్ టైముల రోజుకు 86400 సెకన్లే, 86401వ సెకండ్‌కు అంకె అనేదే లేదు. అందుకని లైనక్స్ కెర్నల్ ఏం చేస్తదంటే యూటీసీ అర్ధరాత్రి 23:59:59 అయిపోంగనే గడియారాన్ని ఒక సెకండ్ వెనక్కు జరుపుతది. 59వ సెకండ్ రెండుసార్లు నడుస్తది. మనకు అది పొద్దుగాల 5:29:59.

వెనక్కు పోవుడే అసలు తంటా. 5:29:59.900కు పని మొదలైంది, 0.3 సెకన్లు పట్టింది, అయిపోయిన టైము 5:29:59.200. తీసివేస్తే మైనస్ 0.7. క్లౌడ్‌ఫ్లేర్ డీఎన్‌ఎస్ 2017 జనవరి 1న ఇట్లనే దెబ్బతిన్నది. గో భాషల రాసిన కోడ్, సర్వర్ ఎంత సేపట్ల జవాబిచ్చిందో లెక్క కట్టి ఆ అంకెను ర్యాండమ్ ఫంక్షన్‌కు ఇచ్చింది, ఆ ఫంక్షన్‌కు మైనస్ అంకె పోతే ప్రోగ్రామ్ పడిపోతది. కోడ్‌ల "సున్నాకు సమానమా" అని అడిగేటి చోట "సున్నా లేకుంటే అంతకన్న తక్కువా" అని మారిస్తే సరిపోయింది. ఆ తర్వాత గో 1.9 నుంచి టైము లోపల మోనోటానిక్ (ఎన్నడూ వెనక్కు పోని) లెక్క గూడ పెట్టిండ్రు.

2012 జూన్ 30ది ఇంకో తీరు. అది కెర్నల్ తప్పే. గడియారాన్ని సెకండ్ వెనక్కు జరిపిండ్రు గాని హై రిజల్యూషన్ టైమర్లకు ఆ సంగతి చెప్పలే. టైమర్లు ఒక సెకండ్ ముందున్నయి. "అర సెకండ్ ఆగు" అని అడిగిన థ్రెడ్‌కు ఆ టైము అప్పటికే దాటిపోయినట్టు కనబడి వెంటనే లేచింది, మళ్ల ఆగబోయింది, మళ్ల లేచింది. జావా, మైఎస్‌క్యూఎల్ నడిచే సర్వర్లల్ల సీపీయూ 100 శాతం. రెడిట్ సైట్ గూడ ఆ రోజే పడింది. దానికి మందు రీబూట్ కాదు. డేట్ కమాండ్‌తోని ఇప్పుడున్న టైమునే మళ్ల సెట్ చేస్తే చాలు, టైమర్లకు కబురు పోతది, సీపీయూ దిగుతది.

జావా తమ్మీ, నీకు పనికొచ్చేది ఇది: ఎంత సేపు పట్టింది అని కొలిచేటప్పుడు గోడ గడియారం (తేదీ, టైము చూపే సిస్టం గడియారం) వాడొద్దు. జావాల నానోటైం, పైథాన్‌ల టైం.మోనోటానిక్, సీ భాషల క్లాక్_మోనోటానిక్. కరెంట్‌టైంమిల్లీస్ అనేది బిల్లు మీద తేదీ వేసేందుకే. టైమవుట్, రీట్రై, లాక్ గడువు వీటికి దాన్ని ముట్టొద్దు.

అచ్చంపేట_అడవి
మోనోటానిక్ అంటే అసలు మారనే మారదు అనుకోవద్దు. ఎన్‌టీపీ వేగం కొద్దిగ పెంచి తగ్గిస్తే అదీ ఆ వేగంతోనే నడుస్తది. దునుకదు, అంతే. వేగం గూడ ముట్టనిది కావాలంటే మోనోటానిక్_రా. ఇంకోటి, మోనోటానిక్ అంకెను డేటాబేస్‌ల దాస్తరు కొందరు. రీబూట్ అయితే ఆ అంకెకు అర్థమే లేదు.

దేవరకొండ_డీబీఏ
డేటాబేస్ సంగతులు కొన్ని. మైఎస్‌క్యూఎల్‌లో నౌ ఫంక్షన్ ఎప్పుడూ 60 ఇవ్వదు, 59నే మళ్లీ ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్‌కు 23:59:60 అని ఇస్తే తీసుకుంటుంది, కానీ తర్వాతి నిమిషం 00గా మార్చి దాస్తుంది. ఒరాకిల్ తీసుకోనే తీసుకోదు, సెకన్లు 0 నుంచి 59 మధ్యే ఉండాలని 01852 నంబర్ ఎర్రర్ ఇస్తుంది. వేరే చోట నుంచి ఫైలులో 60 వచ్చి, రాత్రి లోడ్ జాబ్ పడిపోయేది ఇక్కడే.

అసలు దెబ్బ వరుస మీద పడుతుంది. టైంస్టాంప్‌ను బట్టి వరుస పెట్టే టేబుల్ ఏదైనా ఆ రెండు సెకన్లలో తారుమారు అవుతుంది. కసాండ్రా లాంటి డేటాబేస్‌లలో "చివర రాసిందే చెల్లుతుంది" అన్నది టైంస్టాంప్ చూసే తేలుస్తారు. వెనక్కి జరిగిన సెకండ్‌లో రాసిన కొత్త విలువ పాతదాని కింద పడిపోతుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు. టైంస్టాంప్‌ను యూనిక్ కీ చేసినవాళ్లకు డూప్లికేట్ ఎర్రర్ అయినా వస్తుంది, వాళ్లే అదృష్టవంతులు.

మిర్యాలగూడ_కాంటా
అక్కా, కాంటా చీటీ నంబర్ మాది తేదీ, గంట, నిమిషం, సెకండ్ కలిపి తయారైతది. రెండు చీటీలకు ఒకే నంబర్ పడ్తదా?

దేవరకొండ_డీబీఏ
ఒకే సెకండ్‌లో రెండు లారీలు తూగవు కాబట్టి నీకు పడదు. కానీ రెండో కాంటా పెట్టిన రోజు లీప్ సెకండ్ లేకుండానే పడుతుంది. నంబర్‌కు సీక్వెన్స్ వాడు, టైమును టేబుల్‌లో వేరే కాలమ్‌లో పెట్టు. ముందు ఆ నాలుగు నిమిషాల సంగతి చూసుకో.

సూర్యాపేట_సర్వర్
ఇంత బాధెందుకు, స్మియర్ (ఆ ఒక్క సెకండ్‌ను చానా గంటల మీద పంచుడు) చేస్తే అయిపాయె. గూగుల్ 2008 నుంచి చేస్తున్నది. ఇప్పుడు గూగుల్, అమెజాన్ రెండింట్ల పద్ధతి ఒకటే: యూటీసీ మధ్యాహ్నం నుంచి తర్వాతి మధ్యాహ్నం దాక 24 గంటలు, మన లెక్కన సాయంత్రం 5:30 నుంచి మర్నాడు సాయంత్రం 5:30 దాక, ప్రతి సెకండ్‌ను 11.6 పీపీఎం (పది లక్షల వంతులల్ల 11.6) సాగదీస్తరు. గడియారం వెనక్కు పోదు, 60 అనే సెకండ్ రాదు, యాప్ కోడ్ ముట్టేది లేదు. వెబ్ సర్వర్లకు ఇంతకన్న మంచి దారి లేదు.

వనపర్తి_వైరు
వెబ్ సర్వర్‌కు సరే, సబ్‌స్టేషన్‌కు ఇది పనికిరాదు. స్మియర్ నడిమిట్ల అసలు యూటీసీకి అర సెకండ్ దూరంల ఉంటవ్. 50 హెర్ట్జ్‌ల ఒక మిల్లీసెకండ్ తప్పు అంటే ఫేజ్ కోణంల 18 డిగ్రీలు. పీఎంయూకు (గ్రిడ్‌ల ఫేజ్ కోణం కొలిచే పరికరం) కావాల్సింది మైక్రోసెకన్లు. అందుకే సింక్రోఫేజర్ ఫ్రేంల (పీఎంయూ పంపే డేటాల) లీప్ సెకండ్ రాబోతున్నది, వచ్చిపోయింది అని చెప్పేందుకు ప్రత్యేకం బిట్లు పెట్టిండ్రు. ఐరిగ్-బీల గూడ "లీప్ సెకండ్ రాబోతున్నది" అనే బిట్టు చివరి నిమిషంల లేస్తది. అయితే ఆ ఎక్స్‌టెన్షన్ చదివే రిలేలకే అది తెలుస్తది. పాత రిలేలకు ఏడాది సంఖ్యనే అందదు, ఇగ లీప్ బిట్టు ఎక్కడిది.

సోలార్ తమ్మికి ఒక సుఖం ఉన్నది. లీప్ సెకండ్ పడేది పొద్దుగాల ఐదున్నరకు, జనవరి అయినా జులై అయినా అప్పటికి ఎండ రాదు. శ్రీశైలం, సాగర్ హైడల్ వాళ్లు చూసుకోవాలె.

సూర్యాపేట_సర్వర్
సబ్‌స్టేషన్ల పెట్టమని నేను అనలే అన్నా. ఐటీ నెట్‌వర్క్ మాట చెప్పిన.

వనపర్తి_వైరు
స్కాడా సర్వర్ రెండు నెట్‌వర్క్‌ల మధ్యల ఉంటది గదా, దానికి ఏ టైమిస్తవ్? ఐటీ టీమోళ్లు ఊరికే గూగుల్ టైం సర్వర్ ఒకటి పక్కన "బ్యాకప్" అని కలుపుతరు. లీప్ సెకండ్ లేని రోజు రెండూ ఒకటే చూపిస్తయి, అందుకే ఎవలకూ తెల్వదు.

నల్లగొండ_కెర్నల్
వైరు అన్న చెప్పిన కలగలుపు చానా చోట్ల ఉన్నది. స్మియర్ చేసే సర్వర్లు రెండు, చేయనివి రెండు కలిపి పెడితే ఆ 24 గంటలు క్రోనీకి (లైనక్స్‌ల టైం సింక్ చేసే ప్రోగ్రామ్) ఎవరు నిజమో తేలదు. రెండు గుంపుల మధ్య అర సెకండ్ దాక దూరం పెరుగుతది, మెజారిటీ ఉండదు, ఒకసారి ఇటు ఒకసారి అటు పోతది, లేకుంటే ఏదీ ఎంచుకోక ఊరుకుంటది. అన్నీ స్మియర్‌వే పెట్టు, లేదా అన్నీ మామూలువే పెట్టు.

మన దేశంల ఇంకో లెక్క గూడ చూడాలె. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ) 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం ఎన్‌ఐసీ (ప్రభుత్వ ఐటీ కేంద్రం) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) టైం సర్వర్లకు, లేదా వాటికి ముడిపడ్డ సర్వర్లకు సింక్ కావాలె. వేరే దేశాలల్ల గూడ సర్వర్లు ఉన్నోళ్లు వేరేది వాడొచ్చు గాని ఎన్‌పీఎల్, ఎన్‌ఐసీ టైముకు తేడా రావద్దు. అర సెకండ్ స్మియర్ తేడా కాదా అని ఆడిటర్ అడిగితే నీ దగ్గర జవాబు ఉండాలె.

నా పద్ధతి ఇది. బయట నుంచి ఎన్‌ఐసీ, ఎన్‌పీఎల్ మామూలు టైము ఒక క్రోనీ సర్వర్‌కు తీసుకో. యాప్ సర్వర్లకు స్మియర్ కావాలంటే ఆ ఒక్క సర్వర్‌లనే చెయ్, క్రోనీ సెట్టింగులు ఇవి: లీప్‌సెక్‌మోడ్ స్లూ, మ్యాక్స్‌స్లూరేట్ 1000, స్మూత్‌టైం 400 0.001024 లీప్‌ఓన్లీ. సెకండ్ మొత్తం కరగనీకి 62500 సెకన్లు, అంటే 17 గంటల పైన. ఇట్లాంటివి రెండు సర్వర్లు పెడితే రెండింట్ల అవే అంకెలు ఉండాలె, లేకుంటే క్లయింట్లు రెండింటి మధ్య ఊగుతయి. క్లయింట్ల లీప్ సెట్టింగ్ ఏం పెట్టొద్దు, వాళ్లకు లీప్ సెకండ్ ఉన్నదనే తెల్వొద్దు.

జడ్చర్ల_జావా
సర్వర్ మీద స్మూత్‌టైం లేకుండ ఉత్త లీప్‌సెక్‌మోడ్ స్లూ పెడితే?

నల్లగొండ_కెర్నల్
అప్పుడు ఆ ఒక్క మెషీన్ గడియారం అర్ధరాత్రి తర్వాత నెమ్మదిస్తది. మ్యాక్స్‌స్లూరేట్ ముట్టకుంటే 12 సెకన్లల్ల ఒక సెకండ్ సర్దుకుంటది. పాత టైం సింక్ ప్రోగ్రామ్ ఎన్‌టీపీడీకి మైనస్ ఎక్స్ ఆప్షన్ ఉన్నది, దానికి 500 పీపీఎం హద్దు, కాబట్టి 2000 సెకన్లు, 33 నిమిషాలు పడ్తది.

కొల్లాపూర్_మామిడి
మన పంచాంగంల అధిక మాసం అసొంటిదే గదా ఇది? సూర్యుడికి చంద్రుడికి లెక్క తప్పితే నెల కలుపుతరు, ఇక్కడ సెకండ్ కలుపుతున్నరు.

గద్వాల_గడియారం
కలిపే కారణం ఒకటే గాని తేడా పెద్దది. అధిక మాసం ఎప్పుడొస్తదో వందేండ్లకు ముందే లెక్క కట్టొచ్చు. లీప్ సెకండ్‌కు సూత్రం లేదు, భూమి ఎట్ల తిరిగితే అట్ల. భూమి తిరుగుడును కొలిచే ఐఈఆర్‌ఎస్ సంస్థ ఆరు నెలలకు ఒకసారి బులెటిన్ సీ ఇస్తది, జూన్ చివర ఉన్నదా, డిసెంబర్ చివర ఉన్నదా అని. అందుకే ప్రోగ్రామ్‌ల పట్టిక రాసి పెట్టి మర్చిపోతే పనికాదు. లీప్-సెకండ్స్ లిస్ట్ ఫైలుకు గడువు తేదీ ఉంటది, గడువు దాటితే ఎన్‌టీపీడీ లాగ్‌ల మొత్తుకుంటది. టైం జోన్ల లెక్కలుండే టీజెడ్‌డేటా ప్యాకేజ్ అప్‌డేట్ చేస్తే కొత్తది వస్తది. ఫైలుల చివరి లైను 3692217600, దాని పక్కన 37 ఉండాలె.

అచ్చంపేట_అడవి
అయినా 2035 నాటికి ఇదంతా పోతది గదా. 2022 నవంబర్‌ల తూనికలు కొలతల అంతర్జాతీయ సభ తీర్మానం చేసింది, యూటీసీకి భూమికి తేడా హద్దు పెంచుతరు, సెకండ్ కలుపుడు ఉండదు. ఇప్పుడు దీని మీద కష్టపడుడు దండగ అనిపిస్తది.

నల్లగొండ_కెర్నల్
దండగ కాదు. 2020 నుంచి భూమి కొంచెం జోరుగ తిరుగుతున్నది, 2024 జులై 5 రోజు 86400 సెకన్లకు 1.66 మిల్లీసెకన్లు తక్కువనే అయిపోయింది. ఇట్లనే పోతే సెకండ్ తీసేయాల్సి రావొచ్చు. 2024ల నేచర్ పత్రికల వచ్చిన పేపర్ 2029 అని అంచనా వేసింది, ధ్రువాల మంచు కరుగుడు లేకుంటే ఇంకా ముందే వచ్చేదట. అప్పుడు 23:59:58 తర్వాత సీదా 00:00:00. ఎన్‌టీపీల దానికి కోడ్ ఉన్నది, లీప్ ఇండికేటర్ బిట్లు 01 అయితే కలుపుడు, 10 అయితే తీసుడు, 11 అయితే సింక్ లేదు. కెర్నల్‌ల గూడ ఉన్నది. గాని ప్రపంచంల ఒక్కసారి గూడ నిజంగ నడవని కోడ్ అది. కలిపే కోడ్ 1972 నుంచి నడుస్తుంటేనే 2012ల అట్ల అయింది.

జడ్చర్ల_జావా
మన దగ్గర పరీక్ష పెట్టి చూసుడు ఎట్ల?

నల్లగొండ_కెర్నల్
వర్చువల్ మెషీన్‌ల చెయ్, అసలు సర్వర్ మీద వద్దు. హోస్ట్ నుంచి టైం సింక్ బంద్ పెట్టు, ఇది మర్చిపోతే హోస్ట్ వచ్చి సర్దేస్తది, నీకు ఏం కనబడదు. క్రోనీ ఆపు. తేదీని యూటీసీ 23:59:00కు సెట్ చెయ్. ఆ తర్వాతనే అడ్జ్‌టైమెక్స్ కమాండ్‌తోని స్టేటస్ 16 పెట్టు, తీసుడు పరీక్షించాలంటే 32. వరుస ఉల్టా చేయొద్దు, తేదీ సెట్ చేస్తే కెర్నల్ ఎన్‌టీపీ స్థితిని తుడిచేస్తది. నెల ఆఖరే కానక్కర లేదు, ఆ రోజు యూటీసీ అర్ధరాత్రికే కెర్నల్ పని చేస్తది. డీమెసేజ్‌ల (కెర్నల్ లాగ్‌ల) "ఇన్సర్టింగ్ లీప్ సెకండ్ 23:59:60 యూటీసీ" అని లైను రావాలె. పక్కన టెర్మినల్‌ల సెకండ్‌కు పదిసార్లు టైము ప్రింట్ చేసే లూప్ పెట్టుకో, 59 రెండుసార్లు పోవుడు కనబడ్తది. అయినాక స్టేటస్ 0 చెయ్, లేకుంటే ఇంకోసారి పరీక్ష నడవదు. నీ యాప్‌ను ఆ టైముల లోడ్ మీద ఉంచు, ఉత్తగ ఉన్న యాప్‌ల ఏ తప్పూ బయటపడదు.

సూర్యాపేట_సర్వర్
విండోస్ వాళ్లకు ఒక ముక్క. సర్వర్ 2019, విండోస్ 10 1809 నుంచే లీప్ సెకండ్ తెలుస్తది. అంతకుముందువి పట్టించుకోవు, తర్వాతి సింక్ దాక ఒక సెకండ్ ముందుండి అప్పుడు సర్దుకుంటయి. స్కాడా మెషీన్లల్ల ఇంకా విండోస్ 7 ఉన్నోళ్లు చానామంది ఉన్నరు, సింక్ గడువు వారం అని ఉంటే గంటకు తగ్గించుకోండ్రి.

పాలమూరు_సోలార్
మాది 7నే. గడువు ఎక్కడ మార్చాలె?

సూర్యాపేట_సర్వర్
రిజిస్ట్రీల డబ్ల్యూ32టైం కింద టైంప్రొవైడర్స్, దాన్ల ఎన్‌టీపీక్లయింట్. స్పెషల్‌పోల్‌ఇంటర్వల్ అనే విలువ సెకన్లల్ల ఉంటది, డొమైన్‌ల లేని మెషీన్‌ల 604800 ఉంటది. 3600 చేసి టైం సర్వీస్ ఆపి మళ్ల స్టార్ట్ చెయ్. సర్వర్ పేరు పక్కన కామా 0x9 ఉండాలె, అది లేకుంటే ఈ విలువను చూడదు.